ఇత్తడి గొంతుల్లో వెనిస్: నాలుగు వందల ఏళ్ళ నాటి సంగీతాన్ని రికార్డులలో వినడం ఎలా?

యూరపు చరిత్రలో పునరుజ్జీవన యుగమని పేరొందిన కాలపు సంగీతం నేడు మనకు చేరే మార్గాలలో ఇత్తడి వాద్యబృందాల రికార్డులు ఒకటి. ట్రంపెట్లు, హార్న్‌లు, ట్రాంబోన్లు, ట్యూబా కలిసి గంభీరంగా మ్రోగే ఆ సంగీతం, ముందుగా ఏమీ తెలియని శ్రోతను సైతం ఆకట్టుకుంటుంది. అయితే ఇందులో ఒక విచిత్రం ఉన్నది. ఆ రచనలు చేసినవారు నేటి ట్రంపెట్‌ను ఎరుగరు. మీటలు నొక్కి స్వరం మార్చే వాల్వు ఏర్పాటు 1810వ దశకంలో జర్మన్ దేశాలలో వచ్చింది. ట్యూబాకు బెర్లిన్‌లో హక్కుపత్రం లభించినది 1835లో. రచనలేమో 1550-1615 మధ్య కాలానివి.

మరి మనం వింటున్నది ఎవరి సంగీతం? ఆనాటి రచయితదా, ఈనాటి వాద్యకారునిదా? ఈ ప్రశ్నకు జవాబు వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం. యూరపు సంగీతమంతటినీ ఇక్కడ చెప్పబూనుకోలేదు. వెనిస్ నగరాన్ని, అక్కడి జొవాన్నీ గాబ్రియేలి అనే ఒక్క రచయితను ప్రధానంగా తీసుకుని, ఆయన రచనల రికార్డులను చెవి పెట్టి ఎలా వినవచ్చునో పరిశీలిద్దాం.

ఊరు, ఆలయం, ఉద్యోగం

వెనిస్ సముద్రపు కయ్యల నడుమ కట్టిన వర్తక గణరాజ్యం. ఆ రాజ్యానికి సాన్ మార్కో ఆలయం ప్రాణం వంటిది. అయిదు గుమ్మటాల ఆ కట్టడం ఆనాడు రాజ్యాధినేతకు సొంత ప్రార్థనామందిరం. పండుగ నాడు అక్కడ జరిగే ఆరాధన దైవకార్యమూ, రాజ్యవైభవ ప్రదర్శనా కూడా. అందుచేత సంగీతానికి ప్రభుత్వం ధారాళంగా ఖర్చు చేసేది.

1527లో ఫ్లెమిష్ దేశీయుడైన అడ్రియన్ విల్లార్ట్ అక్కడ సంగీతాధిపతిగా నియమితుడైనాడు. గాయకులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టు పాడిన దానికి మరొక జట్టు బదులు పాడే పద్ధతి అతని కాలంలో బాగా పేరు పొందింది. 1568లో జిరోలమో దల్లా కాసాను, అతని సోదరులను నియమించడంతో ఆలయానికి జీతం పుచ్చుకునే స్థిర వాద్యబృందం ఏర్పడింది. గర్భాలయానికి రెండు ప్రక్కలా ఎత్తైన మేడలలో ఒక్కొక్క ఆర్గన్ ఉండేది. గాయకులకు, వాద్యకారులకు ఆ మేడలపై చోటుండేది.

ఈ వాతావరణంలో పెరిగినవాడు జొవాన్నీ గాబ్రియేలి. బంధువు, గురుతుల్యుడు అయిన ఆండ్రియా గాబ్రియేలి కూడా అక్కడి ఆర్గన్ వాద్యకారుడే. జొవాన్నీ 1585లో ఆ ఆలయంలో ఆర్గన్ వాద్యకారుడై, 1612లో మరణించేవరకు అదే కొలువులో ఉన్నాడు. 1597లో అచ్చయిన 'సాక్రే సింఫోనియే' అతనికి యూరపు అంతటా కీర్తి తెచ్చింది. మరణానంతరం 1615లో వాద్యరచనల సంపుటి ఒకటి వెలువడింది. జర్మనీ నుండి హైన్రిక్ షూట్జ్ అనే యువకుడు 1609లో వెనిస్ వచ్చి, గురువు మరణించేదాకా అతని వద్ద శిక్షణ పొందాడు. అనంతర కాలంలో జర్మన్ సంగీతానికి పెద్దదిక్కయినది ఈ షూట్జే.

ఆనాటి చేతుల్లో ఉన్న వాద్యాలు

ఊదే వాద్యాలలో ముఖ్యంగా రెండు తీరులు గమనించాలి. సన్నాయి, నాదస్వరం వంటి వాటిలో రెల్లుతో చేసిన పీక కంపించి ధ్వని పుట్టిస్తుంది. కొమ్ముబూర వంటి వాటిలో ఊదేవాని పెదవులే కంపిస్తాయి. ఇత్తడి వాద్యాలన్నీ ఈ రెండవ జాతివి. మన పెళ్ళి ఊరేగింపులలో బ్యాండు మేళంవారు ఊదే ట్రంపెట్, యుఫోనియం కూడా ఈ కుటుంబానివే.

పెదవులతో ఊదే సాదా గొట్టం నుండి అన్ని స్వరాలూ రావు. ఆధార షడ్జానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, అయిదింతలు అయిన కంపనాల స్వరాలు మాత్రమే సహజంగా పలుకుతాయి. క్రింది స్థాయిలో ఈ స్వరాల నడుమ పెద్ద పెద్ద ఖాళీలుంటాయి. అందుకే పదహారవ శతాబ్దపు ట్రంపెట్ ప్రధానంగా రాజుల రాకను చాటడానికీ, సేనలకు సంకేతాలివ్వడానికీ ఉపయోగపడింది. అన్ని స్థాయిలలోనూ పాటలా సాగే వరుసను వాయించడం దానివల్ల కాదు.

ఈ లోటును ఆనాటివారు రెండు విధాలుగా తీర్చుకున్నారు. మొదటిది ట్రాంబోన్. గొట్టాన్ని ముందుకు వెనుకకు జరిపి దాని పొడవును మార్చడం వల్ల అన్ని స్వరాలూ పలుకుతాయి. దీని పాత రూపాన్ని ఆంగ్లేయులు శాక్‌బట్ అన్నారు. నేటి ట్రాంబోన్ కంటే దాని గొట్టం సన్నం, చివరి గరాటు చిన్నది. గొంతు మృదువు. గాయకుని ప్రక్కన కూర్చుని, అతనిని ముంచివేయకుండా వాయించగలదు.

రెండవది కోర్నెట్టో. పేరు చూసి ఇత్తడిదని పొరబడరాదు. అది కొద్దిగా వంగిన చెక్క గొట్టం. పైన నల్లని తోలు తొడుగు. పిల్లనగ్రోవికి ఉన్నట్లు ముందువైపు ఆరు రంధ్రాలు, బొటనవ్రేలికి వెనుక ఒకటి. కానీ ఊదడం మాత్రం చిన్న గిన్నె వంటి మూతి పెట్టి, పెదవుల కంపనతోనే. మనిషి గొంతుకు అత్యంత సమీపమైన వాద్యమని ఆనాటివారు దీనిని మెచ్చుకున్నారు. సాన్ మార్కోలో వాద్యబృందానికి నాయకత్వం వహించిన దల్లా కాసా, అతని తరువాత వచ్చిన జొవాన్నీ బస్సానో ఇద్దరూ కోర్నెట్టో విద్వాంసులే. స్వరాలను అలంకరించి వాయించే విధానంపై ఇద్దరూ గ్రంథాలు ప్రకటించారు.

1608లో వెనిస్‌ను సందర్శించిన ఆంగ్ల యాత్రికుడు థామస్ కోరియట్, సాన్ రోకో ఉత్సవంలో పది ట్రాంబోన్లు, నాలుగు కోర్నెట్టోలు, రెండు పెద్ద వయోల్ వాద్యాలు కలిసి మ్రోగడం విని పరవశించినట్లు 1611లో ప్రకటించిన తన యాత్రాగ్రంథంలో వ్రాసుకున్నాడు. ఆ లెక్కలో ట్రాంబోన్ల సంఖ్యను గమనించండి. వెనిస్ ధ్వనికి అడుగున ఉన్న పునాది అదే.

కనుక రికార్డులో మనకు పైన వినిపించే ట్రంపెట్ నిజానికి కోర్నెట్టో స్థానంలో కూర్చున్న ప్రతినిధి. ఈ ఒక్క సంగతి తెలిసి వింటే చాలు, సగం విషయం బోధపడుతుంది.

మాటలు విడిచిన పాట

గాబ్రియేలి వాద్యరచనలలో ఎక్కువ భాగానికి 'కాంజోన' అని పేరు. పాట అని ఆ మాటకు అర్థం. ఫ్రెంచి భాషలోని బహుగళ గీతాలను వాద్యాలపై వాయించుకునే అలవాటు ముందుగా ఇటలీలో బలపడింది. తరువాత అదే మచ్చుమీద, మాటలు లేకుండా, కేవలం వాద్యాలకోసమే కొత్త రచనలు వచ్చాయి. మాట వెళ్ళిపోయినా నడక మిగిలింది. కాంజోన తరచుగా ఒక దీర్ఘస్వరం, రెండు హ్రస్వస్వరాలతో ఆరంభమవుతుంది. మన ఛందస్సు చదివినవారు దీనిని వెంటనే పోల్చుకోగలరు. గురువు, లఘువు, లఘువు, అనగా భగణం. ఉత్పలమాల మొదటి గణం ఇదే కదా! రికార్డు మొదలైన క్షణంలో ఈ భగణం కోసం చెవి పెట్టండి. ఒక వాద్యం దానిని పలుకుతుంది, కొద్ది క్షణాలకు మరొకటి అదే నడకతో ప్రవేశిస్తుంది, ఆ తరువాత మూడవది. మొదటి వాద్యం ఆగదు, తన దారిన ముందుకు సాగుతూనే ఉంటుంది.

మన సంగీతంలో పెరిగిన చెవికి ఇక్కడ కొంత ఇబ్బంది కలగవచ్చు. మనకు ఒకే రాగధార ప్రధానం. దాని వెనుక శ్రుతి, దాని చుట్టూ గమకం. గాబ్రియేలి సంగీతంలో ఎనిమిది, పది, ఒక్కొక్కప్పుడు పదిహేను ధారలు ఒకేసారి ప్రవహిస్తాయి. అన్నిటినీ ఒకేసారి పట్టుకోవాలని ప్రయత్నించే శ్రోత అలసిపోతాడు. మొదటిసారి పై గొంతును మాత్రమే వెంబడించాలి. రెండవసారి అట్టడుగు గొంతును. మూడవసారి ఏ గొంతు ఎప్పుడు ప్రవేశిస్తున్నదో గమనించాలి. రచన నాలుగైదు నిమిషాలకు మించదు కనుక మూడుసార్లు వినడం శ్రమ కాదు.

మెల్లగా, గట్టిగా: ఒక రచనను విందాం

1597 సంపుటిలో అన్నిటికంటే ప్రసిద్ధమైనది 'సొనాటా పియాన్ ఎ ఫోర్తె'. మెల్లగా, గట్టిగా వాయించే వాద్యరచన అని అర్థం. సంగీత చరిత్ర పుస్తకాలలో దీనికి రెండు కారణాల వల్ల స్థానం దక్కింది. ఏ వరుసను ఏ వాద్యం వాయించాలో అచ్చులో నిర్దేశించిన తొలి రచనలలో ఇది ఒకటి. ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా వాయించాలో గుర్తులు ముద్రించిన తొలి రచనలలో కూడా ఇది ఒకటి.

ఎనిమిది గొంతులు రెండు జట్లుగా విడిపోయి ఉంటాయి. మొదటి జట్టులో ఒక కోర్నెట్టో, మూడు ట్రాంబోన్లు. రెండవ జట్టులో ఒక వయొలిన్, మూడు ట్రాంబోన్లు. ఆ వయొలిన్ వరుస ఎంత క్రిందికి దిగుతుందంటే, నేటి లెక్కలో దానిని వయోలా అనడమే సబబు.

ఆరంభంలో మొదటి జట్టు ఒంటరిగా, మెల్లగా వాయిస్తుంది. నడక నిదానం, ఊరేగింపు ఇంకా దూరంగా ఉన్నట్లు. ఆ వాక్యం ముగిసే వేళకు రెండవ జట్టు, అదీ మెల్లగానే, కొంచెం మంద్రంగా, చిక్కని గొంతుతో బదులిస్తుంది. అటు తరువాత రెండు జట్లూ ఒక్కసారి కలుస్తాయి. అక్కడ 'గట్టిగా' అన్న గుర్తు. ఇక అక్కడినుండి సంభాషణ దగ్గరపడుతుంది. ఒకరి మాట పూర్తికాకముందే మరొకరు అందుకుంటారు. మెల్లగా, గట్టిగా అనే మార్పులు త్వరత్వరగా వస్తాయి. చివరికి ఎనిమిది గొంతులూ కలిసి ముగిస్తాయి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. గాబ్రియేలి గుర్తులు చాలావరకు గొంతుల సంఖ్యతో ముడిపడి ఉంటాయి. ఒక జట్టు ఉన్నచోట మెల్లగా, రెండూ కలిసినచోట గట్టిగా. అంటే ఎవ్వరూ బలవంతంగా ఊదకపోయినా, నలుగురు ఎనమండుగురయ్యేసరికి ధ్వని తానే పెరుగుతుంది. నేటి ఇత్తడి వాద్యాలకు శక్తి ఎక్కువ. ఊదేవానికి క్రమక్రమంగా ధ్వనిని పెంచుకుంటూ పోవాలన్న ఉబలాటం ఎక్కువ. మంచి బృందం ఆ ఉబలాటాన్ని అదుపులో ఉంచుకుంటుంది. అలా ఉంచుకోని బృందం ఆరంభంలోనే ఆయుధాలన్నీ ప్రయోగించి, ఎనిమిది గొంతులు కలిసే క్షణానికి కొత్తగా చెప్పడానికేమీ మిగుల్చుకోదు. రెండు రికార్డులను పోల్చేటప్పుడు నేను మొదట చూసేది ఈ సంగతినే.

ఇదే సంపుటిలో మూడు జట్లకు వ్రాసిన పదిహేను గొంతుల 'కాంజోన్ క్వార్తి తోని' కూడా ఉన్నది. అందులో పన్నెండు ట్రాంబోన్లు, రెండు కోర్నెట్టోలు, ఒక వయొలిన్. మొదటి రచనకు చెవి అలవాటుపడిన తరువాత దీనిని వినాలి.

మరపు నుండి రికార్డు దాకా

1630-31లో వెనిస్‌ను మహమ్మారి ఊడ్చివేసింది. నగర జనాభాలో సుమారు మూడవ వంతు నశించింది. ఈలోగా అభిరుచి కూడా మారి, వయొలిన్ కుటుంబం ముందుకు వచ్చింది. కోర్నెట్టో క్రమంగా వాడుక తప్పింది. గాబ్రియేలి పేరు కూడా మరుగున పడింది. 1834లో కార్ల్ ఫాన్ వింటర్‌ఫెల్ట్ అనే జర్మన్ పండితుడు ఆయన మీద, ఆయన కాలం మీద పెద్ద గ్రంథం ప్రకటించిన తరువాతనే విద్వాంసుల దృష్టి మళ్ళీ అటు తిరిగింది.

పండితుల బీరువాలోని ఈ సంగీతాన్ని సామాన్య శ్రోతకు అందించిన వారిలో ఇరవయ్యవ శతాబ్దపు ఇత్తడి వాద్యకారులు ముఖ్యులు. వారికీ ఒక అవసరం ఉన్నది. పెద్ద వాద్యబృందంలో ట్రాంబోన్ వాద్యకారుడు వందల కొలమానాలు లెక్కపెట్టుకుంటూ ఊరక కూర్చుని, ఎక్కడో నాలుగు స్వరాలు ఊదవలసి వస్తుంది. తమకే సొంతమైన గొప్ప సాహిత్యం కావాలని వెదికినవారికి గాబ్రియేలి దొరికాడు. లండన్‌లో ఫిలిప్ జోన్స్ 1951లో స్థాపించిన ఇత్తడి వాద్యబృందం ఇటువంటి రచనలను కచేరీలకు, రికార్డులకు ఎక్కించింది.

1960వ దశకంలో స్టీరియో ఎల్.పీ. రికార్డు ఇంటింటికీ చేరుతున్నది. రెండు పెట్టెలలోనుండి రెండు ధ్వనులు రావడం అప్పటికి వింత. రెండు జట్ల సంగీతానికి ఇంతకంటే తగిన పరికరం ఏముంటుంది? ఆర్గన్ విద్వాంసుడు ఇ. పవర్ బిగ్స్, ఎడ్వర్డ్ టార్ బృందంతోను, వితోరియో నెగ్రి నిర్దేశకత్వంలోను, ఆ దశకం చివర సాన్ మార్కో ఆలయంలోనే గాబ్రియేలి రచనలను రికార్డు చేశాడు. 1968లో అమెరికాలోని ఫిలడెల్ఫియా, క్లీవ్‌లండ్, షికాగో నగరాల ప్రసిద్ధ వాద్యబృందాలకు చెందిన ఇత్తడి వాద్యకారులు ఒకచోట చేరి, కొలంబియా సంస్థకోసం గాబ్రియేలి రచనల రికార్డు చేశారు. షికాగోకు చెందిన ట్రంపెట్ విద్వాంసుడు అడోల్ఫ్ హర్సెత్, ట్యూబా విద్వాంసుడు ఆర్నల్డ్ జేకబ్స్ అందులో ఉన్నారు. ఆ రికార్డుకు 1970లో గ్రామీ పురస్కారం లభించింది. ఇత్తడి వాద్యం నేర్చుకునేవారికి అది నేటికీ పాఠ్యగ్రంథం వంటిది.

ఇంకొక దారి కూడా ఇదే కాలంలో బలపడింది. పాత వాద్యాలను మ్యూజియంలలో కొలిచి, తిరిగి తయారుచేసి, పాత పద్ధతిలో వాయించడం. 1982లో ఇంగ్లండులో ఏర్పడిన 'హిజ్ మెజెస్టీస్ శాగ్‌బట్స్ అండ్ కోర్నెట్స్' బృందం, 1987లో బ్రూస్ డికీ, చార్లెస్ టూట్ స్థాపించిన 'కొంచెర్తో పలతీనో' బృందం ఈ మార్గంలోనివి. మొదటి బృందం 1597 సంపుటిలోని పదహారు వాద్యరచనలనూ ఒకేచోట రికార్డు చేసింది. ఇత్తడి ట్రంపెట్‌తో ఒకసారి, చెక్క కోర్నెట్టోతో మరొకసారి అదే రచన వినే భాగ్యం మన తరానికే కలిగింది.

నిలిచినది, పోయినది

రెండు రకాల రికార్డులనూ ప్రక్కప్రక్కన పెట్టి వింటే తేడాలు స్పష్టమవుతాయి.

ఇత్తడి రికార్డులో జట్ల నడుమ సంభాషణ అచ్చంగా నిలుస్తుంది. లయ స్పష్టంగా ఉంటుంది. పండుగ వైభవం రెట్టింపవుతుంది. కానీ మొదటి జట్టులోని కోర్నెట్టోకూ రెండవ జట్టులోని వయొలిన్‌కూ ఉన్న తేడా పోతుంది. రెండింటి స్థానంలోనూ ఇత్తడే నిలుస్తుంది గనుక ఇద్దరు వేర్వేరు మనుషుల సంభాషణ ఒకే మనిషి తనతో తాను మాట్లాడుకున్నట్లు మారుతుంది. దీనిని గుర్తించిన బృందాలు ఒక జట్టుకు ట్రంపెట్, మరొక జట్టుకు హార్న్ పై వరుసలో పెట్టి తేడా చూపే ప్రయత్నం చేస్తాయి.

పాత వాద్యాల రికార్డులో గొంతు మెత్తబడుతుంది. ఒక్కొక్క స్వరానికి ఆరంభం ఉంటుంది. పాడేవాడు అక్షరాన్ని పలికినట్లు, నాలుక తాకిడి చెవికి తెలుస్తుంది. మాటలు విడిచిన పాట అని పైన చెప్పినది ఇక్కడ అనుభవానికి వస్తుంది. కోర్నెట్టో విద్వాంసుడు అక్కడక్కడా స్వరాలను చిన్న చిన్న పరుగులుగా అలంకరిస్తాడు. ఇవి అచ్చు ప్రతిలో ఉండవు. అలంకారం వాద్యకారుని బాధ్యతే అని ఆ కాలపు నమ్మకం. మన కీర్తనల స్వరలిపిలో గమకమంతా వ్రాసి ఉండదు కదా, అటువంటిదే ఇది కూడా.

శ్రుతి విషయం మరొకటి. గాబ్రియేలి రచనల చివరి కలయికలో తరచుగా షడ్జ పంచమాలతోబాటు అంతర గాంధారం నిలుస్తుంది. శుద్ధమైన అంతర గాంధారం షడ్జంతో అయిదుకు నాలుగు నిష్పత్తిలో ఉంటుంది. తంబురా బాగా శ్రుతి అయినప్పుడు ఎవరూ మీటకుండానే వినిపించే స్వయంభూ గాంధారం ఇదే. నేటి పియానో గాంధారం ఇంతకంటే కొంచెం ఎక్కువ. ట్రాంబోన్ గొట్టాన్ని వెంట్రుకవాసి జరిపి శుద్ధ గాంధారాన్ని పట్టుకోవచ్చు. మంచి బృందం ముగింపు స్వరాన్ని అలా పట్టుకున్నప్పుడు ధ్వని వణకకుండా, దీపం గాలిలేనిచోట నిలిచినట్లు నిలుస్తుంది. ఈ విషయంలో తంబురా విని పెరిగిన మన చెవులు ఎవరికీ తీసిపోవు.

ఇక ఆలయపు గోడలు. గుమ్మటాల క్రింద ప్రతి ధ్వనికీ కొన్ని క్షణాల తోక ఉంటుంది. ఒక జట్టు ఆగిన తరువాత కూడా దాని ధ్వని గాలిలో తేలుతుండగా రెండవ జట్టు మొదలవుతుంది. పొడిగా ఉన్న స్టూడియోలో ఈ తోక ఉండదు. విరామాలు ఖాళీగా తోస్తాయి. అయితే ప్రతి రచననూ ఎదురెదురు మేడలనుండే వాయించారని అనుకోనవసరం లేదు. జట్లు దగ్గర దగ్గరగా నిలిచిన సందర్భాలూ ఉన్నాయని పరిశోధకులు చెబుతున్నారు. కుడి, ఎడమల దూరాన్ని స్టీరియో రికార్డు కొంత అతిగా చూపుతుందని మనం గుర్తుంచుకోవాలి.

నాట్యానికి వ్రాసినది

అంతా ఆలయ సంగీతమే కాదు. ఆంట్‌వెర్ప్ నగరంలో తీల్మన్ సుసాతో అనే సంగీత ముద్రాపకుడు 1551లో నాట్యగీతాల సంపుటి ఒకటి అచ్చువేశాడు. ఆయన స్వయంగా నగర వాద్యబృందంలో ఊదినవాడు. ఆ సంపుటిలో ఏ గీతం ఏ వాద్యంతో వాయించాలో నిర్దేశించలేదు. చేతిలో ఉన్న తగిన వాద్యంతో వాయించుకోవచ్చు. ఫిలిప్ జోన్స్ బృందంకోసం జాన్ ఐవ్సన్ వీటిలో కొన్నిటిని కూర్చి ఇత్తడికి అమర్చాడు. కొత్తగా వినేవారు నిజానికి ఇక్కడినుండే ఆరంభించవచ్చు. వాక్యాలు చిన్నవి, నడక తేటతెల్లం, పిల్లలు సైతం వెంటనే తాళం వేస్తారు. వాద్యాన్ని వాద్యకారుని ఇష్టానికి వదలిన రచన గనుక, ఇత్తడిపై వాయిస్తే మూలానికి అన్యాయం జరిగిందనే వాదానికి ఇక్కడ బలం తక్కువ.

వినే పద్ధతి

మా బడిలో తొమ్మిదవ తరగతి పిల్లలకు రెండు స్పీకర్లు గది రెండు మూలలా పెట్టి గాబ్రియేలిని వినిపిస్తుంటాను. ఏ వైపు జట్టు పలికితే ఆ వైపు చెయ్యి ఎత్తమంటాను. మొదట నవ్వులాటగా ఉంటుంది. రెండు జట్లూ కలిసే చోటికి వచ్చేసరికి రెండు చేతులూ లేస్తాయి, గది నిశ్శబ్దమవుతుంది. సంగీత పరిభాష ఒక్కటీ చెప్పకుండా రచన నిర్మాణం వారికి తెలిసిపోతుంది.

పాఠకులకు నా సూచనలు ఇవి. సెల్‌ఫోనుకున్న ఒక్క చిన్న స్పీకరులో ఈ సంగీతం వినవద్దు. రెండు జట్లూ ఒకే రంధ్రంలోనుండి వస్తే సంభాషణ మాయమవుతుంది. రెండు స్పీకర్లు గానీ, రెండు చెవులకూ పెట్టుకునే ఇయర్‌ఫోన్లు గానీ ఉండాలి. కుడి ఎడమలు తారుమారు కాకుండా చూసుకోవాలి. మొదట సుసాతో నాట్యాలు, పిమ్మట 'సొనాటా పియాన్ ఎ ఫోర్తె', ఆపైన పదిహేను గొంతుల కాంజోన, ఈ వరుసలో వెళ్ళాలి. ప్రతి రచననూ ఒకసారి ఇత్తడిపై, ఒకసారి పాత వాద్యాలపై వినాలి. ధ్వని స్థాయిని ఆరంభంలో తక్కువగా పెట్టుకోవాలి. గట్టిదనం సంగీతంలోనుండి రావాలే గాని మీటలోనుండి కాదు.

రెండు భాషల మనుషులం

మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. ఇత్తడి రికార్డు నిజమా, నకలా? నన్నడిగితే అది అనువాదం.

సరిహద్దు జిల్లాలలో బ్రతికే మనకు అనువాదమంటే పుస్తకాల మాట కాదు, నిత్యజీవితం. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడమో తమిళమో, కార్యాలయంలో మరొకటి. త్యాగరాజ కీర్తనలనే తీసుకోండి. తిరువయ్యారులో పుట్టిన ఆ తెలుగు మాటలను తమిళ లిపిలో వ్రాసుకుని నేర్చినవారు తరతరాలుగా ఉన్నారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. తేడా తెలియడానికి కొందరు ప్రక్కన అంకెలు వేస్తారు. అంకెలు లేని ప్రతి నుండి నేర్చినవాని నోట కొన్ని హల్లులు మారవచ్చు. అయినా ఆ గొంతుల వల్లనే ఆ కీర్తనలు అక్కడ ఇంతకాలం బ్రతికాయి. వారిని తప్పుపట్టడం కృతఘ్నత. అలాగని మూలంలో ఉన్న ఘకారాన్ని మరచిపోవడమూ న్యాయం కాదు.

గాబ్రియేలి విషయంలోనూ అంతే. ఇత్తడి వాద్యకారులు పూనుకోకపోతే ఆ సంగీతం ఇంతమంది చెవిని పడేది కాదు. వారు తెచ్చినది మనం కృతజ్ఞతతో వినాలి. వింటూనే, ఈ ట్రంపెట్ వెనుక ఒక చెక్క గొట్టం ఉన్నదని, ఆ చెక్క గొట్టం వెనుక ఒక మనిషి గొంతు ఉన్నదని గుర్తుపెట్టుకోవాలి. అనువాదాన్నే మూలమనుకున్న రోజున మూలాన్ని వెదికేవారుండరు. మూలం తప్ప మరేదీ వద్దనుకుంటే చాలామందికి ఏదీ అందదు. రెండు భాషలు తెలిసినవాడు ఈ రెండు పొరపాట్లకూ లొంగడు. ఏది నిలిచింది, ఏది పోయింది అని అడుగుతూ చదువుతాడు. మన పిల్లలకు సంగీతంలోనైనా, భాషలోనైనా అలవరచవలసినది ఆ అడిగే అలవాటునే.